ఎడిటరు పరిసరమున భాషాసేతువులు

టెక్స్టు ఎడిటరును విస్తరించుటకు వాడు భాష యొకటియు, ఆ ఎడిటరులో వ్రాయబడు ప్రోగ్రాముల భాష మఱియొకటియు నైనపుడు, లేదా ఒకే ఎడిటరును విస్తరించుటకు రెండు భాషలు పోటీపడినపుడు, ఆ రెండింటి నడుమ విలువలను, ఆజ్ఞలను, దోషవార్తలను అటునిటు చేరవేయుటకై కల్పింపబడిన ఏర్పాటునకు భాషాసేతువని పేరు. ఇట్టి సేతువు లేనిచో ఎడిటరు కేవలము అక్షరములను దిద్దు సాధనముగా నిలిచిపోవును; ఉన్నచో కర్సరు క్రింద నున్న ఫంక్షను ఎచ్చట నిర్వచింపబడినదో చూపుట, వ్రాసిన భాగమును మాత్రమే కంపైలు చేయించుట, నడుచుచున్న ప్రోగ్రాము దోషమున చిక్కి నిలిచినపుడు దాని అంతరంగమును పరిశీలించుట మొదలగు కార్యములన్నియు ఒక్కచోటనే నెరవేరును.

సేతువులు రెండు తెఱగులు. రెండు భాషల నిర్వాహకములును ఒకే ప్రాసెసులో, ఒకే మెమరీలో కాపురముండి, ఒకదాని ఫంక్షన్లను మఱియొకటి సూటిగా పిలుచుట మొదటి తెఱగు. వేర్వేఱు ప్రాసెసులుగా నుండి, పైపు గుండగాని సాకెట్టు గుండగాని సందేశములను పంపుకొనుట రెండవ తెఱగు. మొదటిది వేగవంతము, రెండవది క్షేమకరము అని సామాన్యముగా చెప్పుదురు. ఆ మాట నిజమేగాని అసంపూర్ణము. ఈ రంగమున నలువది యేండ్లుగా జరిగిన ప్రయత్నములను తఱచి చూచినచో, సేతువునకు కష్టము వాక్యములను దాటించుటలో లేదనియు, ప్రతి భాషయు పైకి చెప్పకయే నమ్ముకొనియుండు విషయములను, అనగా ఏది సత్యము, ఏది శూన్యము, వస్తువు ఎంతకాలము జీవించును, దోషము జరిగినపుడు ఎవరికి ముందుగా తెలియవలెను అనువానిని దాటించుటలో నున్నదనియు తేటపడును. తక్కువ సరకును మోయుటకు ఒడంబడిన సేతువులే ఎక్కువకాలము నిలిచినవి. దీనికి ఉత్తమోదాహరణము ఈమాక్స్ ఎడిటరునకును కామన్ లిస్పు భాషకును నడుమ కట్టబడిన స్లైమ్ అను సేతువు కావున, ఈ వ్యాసమున దానికే అధికమైన చోటు ఈయబడినది.

పూర్వచరిత్ర

డాన్ మర్ఫీ 1962-63 ప్రాంతమున పి.డి.పి.-1 యంత్రమునకై వ్రాసిన టెకో అను ఎడిటరునకు, చూచువారికి సంకేతలిపివలె తోచు అత్యంత సంక్షిప్తమైన ఆజ్ఞాభాష యుండెను. ఆ భాషలో కూర్చిన మాక్రోల సముదాయముగా 1976లో ఎం.ఐ.టి. కృత్రిమ మేధాశాలయందు రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ ప్రభృతులచే ఈమాక్స్ ఆవిర్భవించినది. ఎడిటరును విస్తరించుటకు ఎడిటరు ఆజ్ఞల పోగు చాలదనియు, నిజమైన ప్రోగ్రామింగు భాష కావలెననియు తోచిన మీదట, 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ వ్యవస్థపై ఈమాక్సును మాక్‌లిస్పు భాషలో వ్రాసెను. 1981లో జేమ్స్ గాస్లింగ్ సి భాషలో వ్రాసిన ఈమాక్సునకు మాక్‌లిస్పు కాని ‘మాక్ లిస్పు’, అనగా లిస్పును అనుకరించు ఒక విస్తరణభాష తోడైనది. పైకి లిస్పువలెనే కుండలీకరణములతో కనిపించినను దానిలో లిస్పునకు ప్రాణమైన లిస్టు నిర్మాణమే లేకుండెను. 1984లో స్టాల్‌మన్ ప్రారంభించి మఱుసటి యేట ప్రజలకు విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ ఈ లోపమును తొలగించి, మాక్‌లిస్పు సంప్రదాయమునకు చెందిన ఈమాక్స్ లిస్పును విస్తరణభాషగా స్థాపించినది.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, గ్నూ ఈమాక్స్ తానే యొక సేతువు. బఫరులను మోయుట, తెఱపై చిత్రించుట, లిస్పును నడపుట మొదలగు మూలకార్యములు సి భాషలోను, తక్కిన ఎడిటరంతయు లిస్పులోను ఉండును. వాడుకరి నొక్కిన ప్రతి మీటయు ఈ సరిహద్దును అనేక పర్యాయములు దాటుచునే యుండునుగాని, రెండు వైపులను ఒకే హస్తము కట్టినందున ఆ దాటుట ఎవరికిని తెలియదు. చిక్కులన్నియు బయటి భాష వచ్చినపుడే మొదలగును.

ఆ బయటి భాషలలో మొదటిది, విచిత్రముగా, లిస్పే. ఈమాక్స్ జననమున పాలుపంచుకొన్న గై స్టీల్ కామన్ లిస్పునకు ప్రామాణికమైన గ్రంథమును 1984లో ప్రకటించెను. ఆ భాషకు 1994లో అమెరికను జాతీయ ప్రమాణస్థాయి లభించినది. మాక్‌లిస్పు వంశమున పుట్టిన ఈ రెండు సోదరభాషలకును పోలికలెన్నియో యున్నను, ఒకదాని ప్రోగ్రాము రెండవదానిలో నడువదు. కామన్ లిస్పులో ప్రోగ్రాములు వ్రాయువారు ఈమాక్సును వదలలేదు. ఈమాక్స్ కామన్ లిస్పు కాలేదు. సేతువు అవసరమైనది.

1988లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందు ఓలిన్ షివర్స్ వ్రాసిన కామింట్ అను సాధనమే చిరకాలము ఆ అవసరమును తీర్చినది. ఈమాక్స్ కామన్ లిస్పు నిర్వాహకమును అధీనప్రాసెసుగా ప్రారంభించి, వాడుకరి వ్రాసినదానిని దానికి అందించి, అది వెలువరించినదానిని బఫరులో చూపించును. మనుష్యుడు టెర్మినలు ముందు కూర్చుండి చేయు పనిని ఎడిటరు తానే చేయుచుండుట తప్ప ఇందు విశేషమేమియు లేదు. ఫంక్షను యొక్క ఆర్గ్యుమెంట్లను తెలిసికొనగోరినచో, తగిన ప్రశ్నను టైపుచేసినట్లు పంపి, తిరిగివచ్చిన అక్షరప్రవాహములో ప్రాంప్టు ఎచ్చట వచ్చెనో వెదకి, దానికి పూర్వమున్నదే సమాధానమని ఊహింపవలెను. నడుచుచున్న ప్రోగ్రాము దైవికముగా ప్రాంప్టును పోలిన అక్షరములను ముద్రించినను, దోషము తగిలి డీబగ్గరు ప్రాంప్టు వేఱురూపము దాల్చినను, ఆ ఊహ తప్పును. మనుష్యుల కొఱకు ముద్రింపబడినదానిని యంత్రము చదివి అర్థము చేసికొనవలసివచ్చుటయే ఈ పద్ధతిలోని మూలదోషము. ఐనను పైథాన్, ఆర్ మొదలగు అనేక భాషలతో ఈమాక్స్ నేటికిని ఈ మార్గముననే సంభాషించుచున్నది.

స్లైమ్, స్వాంక్

2003లో ల్యూక్ గోరీ, హెల్మట్ ఎల్లర్ అనువారు, ఎరిక్ మార్స్‌డెన్ వ్రాసిన స్లిమ్ అను చిన్న ప్రోగ్రామును ఆధారముగా గైకొని స్లైమ్‌ను నిర్మింప మొదలిడిరి. గోరీ అంతకు పూర్వమే ఎర్లాంగ్ భాషకై డిస్టెల్ అను సేతువును కట్టియుండెను. అది ఎర్లాంగ్ నోడ్లు పరస్పరము సంభాషించుకొను ప్రోటోకాలునే ఈమాక్సునకు నేర్పి, ఎర్లాంగ్ దృష్టికి ఈమాక్సును మఱియొక నోడుగా కనిపింపజేసినది. టెర్మినలును నటించుట మాని, సందేశములతో సూటిగా మాటలాడవలెనను ఆ భావమే స్లైమ్‌నకును పునాది.

స్లైమ్ రెండు ముక్కలు. ఎడిటరు వైపు నుండునది ఈమాక్స్ లిస్పులోను, స్వాంక్ అను పేర రెండవవైపు నుండు సర్వరు కామన్ లిస్పులోను వ్రాయబడినవి. వాడుకరి స్లైమ్‌ను పిలిచినపుడు, ఈమాక్స్ పాతపద్ధతిలోనే లిస్పును అధీనప్రాసెసుగా ప్రారంభించి, స్వాంక్‌ను లోడుచేయుమని ఒక్క ఆజ్ఞను మాత్రము దానికి టైపుచేసినట్లు పంపును. స్వాంక్ మేల్కొని ఒక సాకెట్టును తెరచి, తనకు దొరికిన పోర్టు సంఖ్యను ఒక తాత్కాలిక ఫైలులో వ్రాసి యుంచును. ఈమాక్స్ ఆ ఫైలు కొఱకు మాటిమాటికి తొంగిచూచుచుండి, సంఖ్య కనబడగనే సాకెట్టునకు అతుకుకొనును. పరికింప మోటుగా కనిపించు ఈ ఏర్పాటు ఎన్నో లిస్పు నిర్వాహకములపై తడబాటు లేక పనిచేయుట దాని ఘనత. ముందుగనే నడుచుచున్న లిస్పునకు అతుకుకొనదలచినచో పోర్టు సంఖ్యగా 4005ను వాడుట ఆచారము.

సాకెట్టుపై సాగు సంభాషణ నిరాడంబరమైనది. ప్రతి సందేశమునకు ముందు ఆరు హెక్సాడెసిమల్ అంకెలలో దాని నిడివి యుండును. ఆ తరువాత ఒక లిస్పు లిస్టు. ఆరు అంకెలే గనుక ఒక సందేశము 1,67,77,215 బైట్లను మించరాదు, మించవలసిన అవసరమును సామాన్యముగా రాదు. ఈమాక్స్ పంపు విజ్ఞప్తిలో నడపవలసిన వ్యక్తీకరణము, అది ఏ ప్యాకేజీలో అర్థము చేసికొనదగినదో దాని పేరు, ఏ థ్రెడ్డులో నడుపవలెనో ఆ సూచన, తుదకు ఒక క్రమసంఖ్య ఉండును. ఆ క్రమసంఖ్యకు సమాధానము వచ్చినపుడు ఏమి చేయవలెనో తెలుపు ఫంక్షనును ఈమాక్స్ తనయొద్ద పట్టికలో దాచుకొనును. సమాధానము విజయముగనో వైఫల్యముగనో ఆ సంఖ్యతోనే తిరిగివచ్చును. నడుమ లిస్పు తన ముద్రణను పంపవచ్చును, వాడుకరినుండి ఒక పంక్తిని చదివి పంపుమని తిరుగు ప్రశ్న వేయవచ్చును, దోషము తగిలినదని చాటవచ్చును. ఏ సందేశము దేనికి చెందునో మొదటి పదమే తెలుపుటచే కామింట్ నాటి ఊహాగానములకు తావు లేదు.

రెండు వైపులను లిస్పే గనుక ఈ పని యంతయు అప్రయత్నసిద్ధమని తలచువారు కలరు. అది పొరపాటు. కామన్ లిస్పు చదువరి సింబళ్లను పెద్దబడి అక్షరములకు మార్చును. ఈమాక్స్ లిస్పు చిన్నబడి, పెద్దబడి అక్షరములను వేర్వేఱుగా నెంచును. కావున స్వాంక్ సమాధానమును ముద్రించుటకు ముందు చిన్నబడి అక్షరములలో ముద్రించునట్లు తన్ను తాను సవరించుకొనును. ఒక్క అక్షరమును వ్రాయు రీతి రెండు భాషలలో వేఱు. వెక్టరును ఒకటి చదరపు కుండలీకరణములతోను, మఱియొకటి హాష్ గుర్తుగల గుండ్రని కుండలీకరణములతోను వ్రాయును. ప్యాకేజీ యను భావమే ఈమాక్స్ లిస్పునకు తెలియదు. వీనినన్నింటిని అనువదించుటకు స్లైమ్ కర్తలు యత్నింపలేదు. పూర్ణసంఖ్యలు, స్ట్రింగులు, సింబళ్లు, వానితో కూర్చిన లిస్టులు, ఇవి మాత్రమే సేతువుపై ప్రయాణించునని నియమించుకొనిరి. ప్యాకేజీ పేరుతో కూడిన సింబలు ఈమాక్స్ కంటికి నడుమ రెండు చుక్కల గుర్తున్న ఒక మామూలు పేరుగా మాత్రమే తోచును. దానికి అంతకన్న తెలియవలసిన పనియు లేదు.

ఇతర వస్తువుల గతి ఏమి? అవి సరిహద్దు దాటవు. ఒక హాష్ టేబులును వాడుకరి పరిశీలింపగోరినపుడు, స్వాంక్ దాని అంగములను తనయొద్దనే యొక పట్టికలో నుంచుకొని, చూపవలసిన పాఠ్యమును, ఒక్కొక్క అంగమునకు ఒక సంఖ్యను మాత్రము పంపును. వాడుకరి నాలుగవ అంగముపై ఎంటరు నొక్కినచో, ‘నాలుగవదానిని తెరువుము’ అను విజ్ఞప్తి మాత్రమే వెడలును. వస్తువు తన యింటనే యుండి, దాని చిరునామా మాత్రమే ప్రయాణము చేయును.

స్లైమ్ ప్రతిభ పూర్తిగా వెల్లడియగునది డీబగ్గరులో. అనేకభాషలలో దోషము జరిగినపుడు పిలుపుల దొంతర మొదట కూలిపోయి, తరువాత దోషవార్త వెలువడును. కామన్ లిస్పులో దొంతర చెక్కుచెదరక నిలిచియుండగనే దోషనివారకులు సంప్రతింపబడి, ఎచ్చటనుండి తిరిగి మొదలిడవచ్చునో తెలుపు పునరారంభ మార్గముల జాబితా సిద్ధమగును. స్వాంక్ ఈ క్షణమున డీబగ్గరు ప్రవేశద్వారమున నిలిచి, థ్రెడ్డు పేరు, దోషముల స్థాయి, దోషవర్ణనము, పునరారంభ మార్గములు, దొంతరలోని పైభాగము, ఇంకను సమాధానము నోచుకొనని విజ్ఞప్తుల సంఖ్యలు, వీనిని ఒకే సందేశముగా ఈమాక్సునకు పంపును. దొంతర అడుగుభాగము అడిగినప్పుడే వచ్చును. వాడుకరి ఒక సంఖ్యను నొక్కగనే ఆ మార్గమున ప్రోగ్రాము తిరిగి కదలును. లేదా దోషము గల ఫంక్షనును అక్కడికక్కడ సరిదిద్ది, కంపైలు చేయించి, నిలిచిన ఫ్రేమునే మరల నడుపునట్లు కోరవచ్చును. ఈలోపల మొదటి విజ్ఞప్తి ఇంకను పెండింగులోనే యుండును. దాని మీద మఱియొక దోషము తగిలినచో రెండవస్థాయి డీబగ్గరు తెరచుకొనును. ప్రశ్నకు సమాధానము వచ్చువరకు ఎడిటరు చేతులు కట్టుకొని నిలువవలెనను నియమముతో కట్టిన సేతువుపై ఇది అసాధ్యము. క్రమసంఖ్యయు, దాచిన ఫంక్షనును అను ఆ చిన్న యుపాయమే దీనిని సాధ్యముచేసినది.

ఆ దాచిన ఫంక్షను తన చుట్టునున్న వేరియబుళ్లను జ్ఞాపకముంచుకొనవలెను. ఈమాక్స్ లిస్పునకో, 2012 నాటి 24.1వ వెర్షనుదాక లెక్సికల్ బంధము లేదు. ఏ పేరుకు ఏ విలువయో పిలిచిన సమయమును బట్టి నిర్ణయమగుచుండెను. ఆ లోపమును కప్పిపుచ్చుటకై స్లైమ్ కర్తలు ప్రత్యేకమైన మాక్రోను ఆశ్రయించిరి. సేతువు అవతల నున్న భాషకు సహజముగా నున్న గుణమును ఇవతలి భాషలో కృత్రిమముగా సృష్టింపవలసివచ్చుట ఈ రంగమున తఱచు కనిపించు విషయము.

థ్రెడ్లు గల లిస్పులలో ఒక్కొక్క విజ్ఞప్తిని ఒక్కొక్క థ్రెడ్డు నిర్వహించును. అవి లేనిచోట సాకెట్టుపై అక్షరములు వచ్చినవని ఆపరేటింగు సిస్టము పంపు సంకేతమునుగాని, నిర్వాహకపు ఈవెంటు చక్రమునుగాని స్వాంక్ ఆశ్రయించును. ఎస్.బి.సి.ఎల్., క్లోజర్ సి.ఎల్., క్లిస్ప్, అలెగ్రో, లిస్పువర్క్స్ మొదలగు పలు నిర్వాహకములకు వేర్వేఱు అడుగుపొరలు కలవు. స్లైమ్ నుండి చీలిన స్లై అను సంస్కరణమును జువావ్ తావొరా నిర్మించెను. విమ్ ఎడిటరునకు స్లిమ్‌వ్ అనునది స్వాంక్‌తోనే మాటలాడును. రిచ్ హికీ 2007లో వెలువరించిన క్లోజూర్ భాష సహితము కొంతకాలము స్వాంక్ వేషమునే ధరించినది. కాని కామన్ లిస్పు కొఱకు కుట్టిన అంగరఖా దానికి పొసగక, అది ఎన్‌రెపెల్ అను తన సొంత ప్రోటోకాలును ఏర్పఱచుకొన్నది. దాని సందేశములు బిట్‌టొరెంటు వాడు బెన్‌కోడ్ రూపమున నుండును, ఈమాక్స్ వైపు దానితో మాటలాడు ప్రోగ్రాము పేరు సైడర్.

సత్యము, శూన్యము

ఈమాక్స్ లిస్పులో నిల్ అను ఒక్క విలువ అసత్యమునకును, శూన్యమైన లిస్టునకును, ‘ఏమియు లేదు’ అను భావమునకును గుర్తు. కామన్ లిస్పును అట్లే గనుక స్లైమ్‌నకు ఇచ్చట చిక్కు రాలేదు. జెసన్ అను పాఠ్యరూపమున సందేశములు వచ్చు ఇతర సేతువులలో మాత్రము, అసత్యము, శూన్యము, ఖాళీ జాబితా, ఖాళీ వస్తువు అను నాలుగు వేర్వేఱు విలువలు ఒకే నిల్‌లో కలిసిపోవు ప్రమాదమున్నది. ఒకసారి కలిసినవానిని తిరిగి పంపునపుడు విడదీయజాలము. కావున అసత్యమునకును శూన్యమునకును ప్రత్యేకమైన కీలకసింబళ్లను కేటాయింపవలసివచ్చినది.

విమ్ నుండి చీలిన నియోవిమ్ ఎడిటరులో ఇదే సమస్య తారుమారుగా కనిపించును. దాని విస్తరణభాషలలో నొకటియైన విమ్ స్క్రిప్టులో 0 అసత్యము. మఱియొకటియైన ల్యువాలో 0 సత్యము. విమ్ స్క్రిప్టు ఫంక్షనును ల్యువానుండి పిలిచి, తిరిగివచ్చిన 0ను సూటిగా షరతులో నుంచిన ప్రోగ్రామరునకు ప్రతి ప్రశ్నకును ‘అవును’ అనియే సమాధానము లభించును. ఏ దోషవార్తయు వెలువడదు. ల్యువాలో జాబితాకును నిఘంటువునకును టేబులు అను ఒకే నిర్మాణము గనుక, ఖాళీ టేబులు ఏ రూపమున దాటవలెనో సేతువు నిర్ణయింపజాలక, ఖాళీ నిఘంటువును తెలుపుటకు ప్రత్యేకమైన ఫంక్షనును కల్పించినది. విమ్ ఎడిటరులోని ల్యువా సేతువు కొంతకాలము జాబితాలను 0 నుండి లెక్కించి, 8.2వ వెర్షను కాలమున ల్యువా ఆచారము ననుసరించి 1 నుండి లెక్కించుటకు మారినది. ఎవరి లెక్కను ఎవరు పాటింపవలెనను తగవు ఇంత చిన్న విషయమునందును తప్పదు.

ఈ చిక్కునకు అత్యంత సూక్ష్మమైన పరిష్కారమును చేసినది గ్నూ ప్రాజెక్టువారి గైల్ అను స్కీము భాషా నిర్వాహకము. స్కీము భాషలో అసత్యమును శూన్యమైన లిస్టును వేర్వేఱు విలువలు. స్కీమును ఈమాక్స్ లిస్పును ఒకే నిర్వాహకముపై నడుపదలచిన గైల్, ఆ రెండింటికిని భిన్నమైన మూడవ నిల్‌ను సృష్టించి, స్కీము దృష్టికి అది అసత్యముగను, శూన్యమైన లిస్టుగను ఏకకాలమున చెల్లునట్లు ఏర్పఱచినది. 2011 నాటి గైల్ 2.0లో ఈమాక్స్ లిస్పు కంపైలరు చేరినది. ఐనను గైల్‌పై నడుచు ఈమాక్స్ ప్రయోగదశను దాటి ప్రధానస్రవంతిలో కలియలేదు. సిద్ధాంతము ఎంత సుందరమైనను, దశాబ్దములుగా పేరుకొన్న ప్రోగ్రాముల రాశిని కదల్చుట సిద్ధాంతమునకు లొంగు పని కాదు.

ఒకే ప్రాసెసులో రెండు భాషలు

బ్రామ్ మూలెనార్ 1991లో అమీగా యంత్రమునకై విడుదల చేసిన విమ్, 1998 నాటి 5వ వెర్షను శ్రేణిలో సొంత స్క్రిప్టు భాషను సంతరించుకొనుటతోపాటు పెర్ల్, పైథాన్, టీసీఎల్ భాషలకు తన ప్రాసెసులోనే చోటిచ్చినది. తరువాత రూబీ, ల్యువా మొదలైనవి చేరినవి. పైథాన్ వైపు నుండి విమ్ అను మాడ్యూలు ద్వారా బఫరులను పంక్తుల జాబితాలవలె తాకవచ్చును. కాని ఇందలి అనువాదము చిరకాలముగా అసమగ్రము: విమ్ వ్యక్తీకరణమును లెక్కకట్టుమని పైథాన్ కోరినపుడు సంఖ్య సంఖ్యగా గాక స్ట్రింగుగా తిరిగివచ్చును. సహవాసములో నింకొక యిబ్బంది యున్నది. పైథాన్ 2, పైథాన్ 3 లైబ్రరీలను రెండింటిని డైనమిక్ పద్ధతిలో చేర్చుకొన్న విమ్, యూనిక్స్ వ్యవస్థలపై ఒకే సెషనులో ఒకదానిని వాడిన పిమ్మట రెండవదానిని వాడనీయదు. అట్లు నిరాకరించుటకు 836, 837 అను రెండు దోషసంఖ్యలే కేటాయింపబడినవి.

ఈమాక్స్ ఈ దారిని చాల ఆలస్యముగా, 2016 నాటి 25.1వ వెర్షనులో, మిక్కిలి జాగరూకతతో త్రొక్కినది. సి మొదలగు భాషలలో కంపైలైన మాడ్యూలును లోడుచేయవచ్చునుగాని, తన లైసెన్సు జి.పి.ఎల్.కు అనుకూలమని చాటు సింబలు అందులేనిచో ఈమాక్స్ దానిని లోపలికి రానీయదు. లోపలికి వచ్చిన మాడ్యూలునకును లిస్పు వస్తువుల నిజస్వరూపము కనబడదు. అందునది ఆ పిలుపు ముగియువఱకు మాత్రమే చెల్లు ఒక ముసుగు విలువ. అంతకు మించి దాచుకొనవలెనన్న ప్రత్యేకముగా విన్నవింపవలెను. లిస్పులో దోషము జరిగినను సి వైపు దొంతర హఠాత్తుగా తెగిపోదు; మాడ్యూలు ప్రతి పిలుపు తరువాతను ‘ఏమైన జరిగినదా’ అని తానే అడిగి తెలిసికొనవలెను. ఒకే యింట నుండియు తలుపులు వేసికొని కాపురముండుట యిది.

వస్తువుల ఆయుర్దాయము ఇట్టి సేతువులకు ఎదురగు ప్రశ్నలలోకెల్ల గహనమైనది. ఫ్రాన్స్వా పినార్ ఈమాక్స్, పైథాన్‌ల నడుమ కట్టిన పైమాక్స్ వేర్వేఱు ప్రాసెసుల పద్ధతికి చెందినదైనను, స్లైమ్‌వలె మితముతో తృప్తిపడక, ఒకవైపు వస్తువులను రెండవవైపు సజీవముగా చూపింపదలచినది. పైథాన్ వస్తువునకు ఈమాక్స్‌లో ఒక హ్యాండిలు, ఈమాక్స్ వస్తువునకు పైథాన్‌లో ఒక హ్యాండిలు. ఈమాక్స్ తన చెత్తను ఊడ్చుకొన్న పిమ్మట, ఏ హ్యాండిళ్లు నశించెనో గుర్తించి పైథాన్‌నకు కబురంపును. పైథాన్ అపుడు అసలు వస్తువును విడుచును. ఇంతవఱకు బాగున్నది. కాని ఈమాక్స్ వస్తువు పైథాన్ వస్తువును, అది తిరిగి మొదటిదానిని పట్టుకొనియున్నచో, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదురదు అను సామెత చందమున, ఏ వైపు చెత్తసేకరణియు మొదట చేయి వదలదు. రెండు కుప్పలను ఒక్కసారి చూడగల మూడవ కన్ను లేనిదే దీనికి సంపూర్ణ నివారణము లేదు.

2014లో థియాగో ది అర్రూడా ప్రారంభించిన నియోవిమ్ రెండు తెఱగులను ఒక్కచోట చేర్చినది. మెసేజ్‌పాక్ రూపమున సందేశములను పంపు ఏ భాషయైనను బయటినుండి దాని ఎడిటింగు ఆజ్ఞలన్నింటిని నడుపవచ్చును. బఫరు, కిటికీ, ట్యాబు అనునవి సంఖ్యారూప హ్యాండిళ్లుగా దాటును. వేగము కావలసినచో ల్యువా ప్రాసెసు లోపలనే యున్నది. 2021 జూలైలో వెలువడిన 0.5వ వెర్షనునుండి వాడుకరి తన అమరికల ఫైలును సైతము ల్యువాలో వ్రాసికొనవచ్చును. బయటి ద్వారము నేటికిని తెరచియే యున్నను, ప్లగిన్ల రచయితలలో అధికులు ల్యువా వైపే మొగ్గిరి. ఇన్‌స్టాలు చేయుటకు వేఱొక భాష అక్కఱలేకపోవుట దీనికి ముఖ్యకారణము.

లెక్కింపు భేదములు

2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాలు, ఒక్కొక్క ఎడిటరునకు ఒక్కొక్క భాషతో ప్రత్యేక సేతువు కట్టవలసిన అవసరమును చాలవఱకు తగ్గించినది. నిడివిని ముందు తెలిపి సందేశమును వెనుక పంపుట, ప్రతి విజ్ఞప్తికి క్రమసంఖ్య నిచ్చుట, సమాధానముల నడుమ స్వతంత్రవార్తలు వచ్చుట అను లక్షణములను చూచినచో, స్లైమ్ పదుమూడేండ్లు ముందుగా నడచిన బాటనే ఇది జెసన్ రూపమున విశాలము చేసినదని తోచును. ఐతే స్లైమ్ నడుచుచున్న ప్రోగ్రాముతో మాటలాడును. ఇది వ్రాసిన పాఠ్యమును పరిశీలించు సర్వరుతో మాటలాడును. డీబగ్గరు ఘట్టమున వర్ణింపబడిన మాయ దీనియందు లేదు.

ఈ ప్రోటోకాలు పంక్తిలోని స్థానమును యుటిఎఫ్-16 ప్రమాణములలో లెక్కించును. ఈమాక్స్ యూనికోడు అక్షరములను లెక్కించును. విమ్ బైట్లను లెక్కించును. ఇంగ్లీషు అక్షరములు మాత్రమే యున్న పంక్తిలో మూడును ఏకీభవించును గనుక దోషము బయటపడదు. ‘తెలుగు’ అను మాటను తీసికొనుడు: కంటికి మూడక్షరములు, గుణింతపు గుర్తులను వేఱుగా నెంచు యూనికోడులో ఆఱు, యుటిఎఫ్-16లోను ఆఱు, యుటిఎఫ్-8 బైట్లలో పదునెనిమిది. కావున పంక్తి మొదట ‘తెలుగు’ అను స్ట్రింగు ఉండి తరువాత ఫంక్షను పేరున్నచో, మార్పిడి చేయుట మఱచిన విమ్ ప్లగిను కర్సరును పండ్రెండు స్థానములు తప్పించును. ఈమాక్స్‌లో ఆ దోషము కనబడనే కనబడదు. ఎమోజీ యొక్కటి చేరినచో అది యూనికోడులో ఒకటి, యుటిఎఫ్-16లో రెండు, యుటిఎఫ్-8లో నాలుగు గనుక ఈమాక్స్‌నకు సైతము లెక్క తప్పును. 2022 నాటి 3.17వ వెర్షనులో ఇరుపక్షములును ప్రారంభముననే లెక్కింపు పద్ధతిని ఒడంబడుటకు అవకాశము కల్పింపబడినది. తెలుగు పాఠ్యముతో ప్రోగ్రాములు వ్రాయువారు తమ ఎడిటరు ఈ ఒడంబడికను పాటించుచున్నదో లేదో చూచుకొనుట మేలు.

జెసన్‌ను విడదీయు పని ఈమాక్స్ లిస్పులో నడచినంతకాలము పెద్ద సందేశములు వచ్చినపుడు ఎడిటరు తడబడుచుండెను. 2020 నాటి 27.1వ వెర్షనులో ఆ పని సి భాషకు అప్పగింపబడినది. 2023లో 29వ వెర్షనునుండి, ఈ ప్రోటోకాలును మాటలాడు ఎగ్లాట్ ఈమాక్స్‌లోనే అంతర్భాగమైనది. దాని కర్తయు స్లై కర్తయు ఒక్కరే.

రక్షణ

నడుచుచున్న లిస్పులో ఏ వ్యక్తీకరణమునైనను నడుపుటకే స్వాంక్ పుట్టినది గనుక, దాని పోర్టును చేరగల ప్రతివాడును ఆ ప్రాసెసు యజమాని చేయగల ప్రతి పనిని చేయగలడు. ఈ హేతువుచే అది సామాన్యముగా 127.0.0.1 చిరునామాపై మాత్రమే చెవి యొగ్గును. దూరమందలి యంత్రముతో పనిచేయవలెనన్న ఎస్.ఎస్.హెచ్. సొరంగము గుండ పోవుటయే తగినది. ఎదురుదిశ యందు, లిస్పు పంపిన వ్యక్తీకరణమును ఈమాక్స్ నడుపుట వాడుకరి ప్రత్యేకముగా అనుమతించిననేగాని జరుగదు. ఆ అనుమతి నీయకుండుటయే ఉచితము. దాని యవసరము పడు సందర్భములు మిక్కిలి అరుదు.

ఈ వ్యవస్థను ప్రత్యక్షముగా చూడగోరు పాఠకునకు అన్నింటికన్న సులభమైన మార్గమొకటి కలదు. సేతువుపై పోవు ప్రతి సందేశమును స్లైమ్ తన ఈవెంట్ల బఫరులో నమోదుచేయగలదు. ఆ బఫరును ప్రక్క కిటికీలో తెరచియుంచుకొని, మొదట రెండు సంఖ్యలను కూడించియు, పిమ్మట ఒకదానిని సున్నచే భాగింపజేసియు చూడుడు.